పెద్దమ్మ వెతికిన ముఖం

పాత ఫోటో ఫ్రేము వెనక అట్టను ఊడదీయగానే ఒక వాసన ముక్కుకు తగులుతుంది. చెదలు కొట్టిన చెక్క, ఎండి పొడైన మైదా జిగురు, ఏళ్ళ తరబడి గోడ సున్నాన్ని పీల్చుకున్న కాగితం, వాటి సందుల్లో బల్లి పెట్టి పోయిన గుడ్ల పెంకులు. ఎవరికీ నచ్చే వాసన కాదది. మా ఆయనైతే ముక్కు మూసుకుని దుకాణం బయటకు పోతాడు. నిన్న మధ్యాహ్నం ఒకావిడ పాత చీరలో చుట్టి తెచ్చిన ఫ్రేమును బల్ల మీద బోర్లించి, తుప్పు పట్టిన మేకులను పీకుతుంటే అదే వాసన వచ్చింది. నా చేతులు ఆగిపోయాయి. "ఏమైందమ్మా, ఖరాబైందా?" అని ఆవిడ కంగారు పడింది. ఏం కాలేదన్నాను. ఆ వాసన వస్తే నాకు అండాలు పెద్దమ్మ గుర్తుకొస్తుంది. ఆమె పోయి ఏళ్ళు గడిచినా ఇది మాత్రం తగ్గలేదు. తగ్గాలని నేనూ కోరుకోవడం లేదు.

చిట్యాలలో హైవే పక్కన నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. జిరాక్సులు, స్కానింగులు, ఫోటో ప్రింట్లు, అడిగితే లామినేషన్. మాది నేత కుటుంబం. బాపు చివరిదాకా మగ్గం మీదే బతికాడు. అండాలు పెద్దమ్మ బాపు అన్న భార్య. పెదనాన్న చిన్నతనంలోనే పోతే, మగ్గాలకు ఆసులు పోసి, కండెలు చుట్టి కొడుకు నర్సింహను పెంచింది. ఆమె పుట్టింది మర్రిగూడ మండలంలో ఒక ఊళ్ళో. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళందరికీ పట్టిందే ఆమెకూ పట్టింది. పళ్ళు చిన్నప్పుడే గోధుమ రంగుకు తిరిగాయి. పెళ్ళయ్యాక మోకాళ్ళు బిగుసుకున్నాయి, తర్వాత వేళ్ళు, చివరికి మెడ. నాకు ఊహ తెలిసేసరికే ఆమె తల పైకి లేచేది కాదు. ఎదురుగా నిలబడితే ఆమె చూపు మన గుండె దాకా వచ్చి ఆగిపోయేది. అందుకే మా ఇంట్లో ఎవరైనా పెద్దమ్మతో మాట్లాడాలంటే ముందు కింద కూర్చోవాలి. "కూసో బిడ్డా, నీ ముఖం చూస్త" అనేది. చిన్నప్పుడు ఆ మాట విని నేను ఆమె ఒళ్ళోకే దూరేదాన్ని.

బాపు పోయిన ఏడాది ఇదంతా మొదలైంది. తెలంగాణ వచ్చిన కొత్తలు అవి. బాపు ఫోటో పెద్దది చేయించి, గోడకు మేకు కొడుతున్నాం. పెద్దమ్మ కింద కూర్చుని నేల వైపే చూస్తూ, "జర ఆగు బిడ్డా. గా పక్క ఫోటో కిందికి దించు. మా మామను చూస్త" అంది. మామ అంటే మా తాత. ఆయన ఫోటో నేను పుట్టకముందు నుంచే ఆ గోడ మీద ఉంది.

"ఇన్నేండ్లు చూడలేదా పెద్దమ్మా?" అన్నాను నవ్వుతూ.

"ఎట్ల చూడాలె? కోడలిగ వచ్చినప్పుడు సిగ్గు. సిగ్గు పోయినంక మెడ బిగుసుకపాయె" అంది.

పెద్దల ఫోటోను సున్నాలప్పుడు తప్ప దించకూడదని మా అమ్మ గొణిగింది. చివరికి కొత్త తువ్వాల పరిచి, దాని మీద దించాం. పెద్దమ్మ ముందు కొంగు తల మీదికి లాక్కుంది. చనిపోయి ఎన్నేళ్ళయినా మామ మామే కదా. ఆ తర్వాత ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని, మీసాలూ, తలపాగా, కుర్చీ చేయి అన్నీ తీరిగ్గా చూసింది. చూస్తూ చూస్తూ అంచును వేళ్ళతో తడిమి, "గీ ఫోటో గింత మందమెందుకున్నది?" అంది. నేను మేకులు పీకి అట్ట తీశాను. తాత ఫోటో వెనక ఇంకో ఫోటో ఉంది. ముక్కు పుడకతో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్న ఒక పడుచుపిల్ల. మా నాయనమ్మ కాదు. మా అమ్మకూ తెలియదు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా తాతకు దండ వేసినప్పుడల్లా ఆయన వీపు వెనక ఎవరో ఒకామె కూర్చునే ఉందన్నమాట.

ఆమె ఎవరో పెద్దమ్మ కనుక్కున్న తీరు ఇప్పటికీ నాకు వింతే. మా వైపు ఆడవాళ్ళు శవం మీద పడి శోకం తీస్తూ ఏడుస్తారు. ఉత్తగా ఏడవరు. వరస పెట్టి పిలుస్తూ, వాళ్ళు చేసిన మేలూ, తీరని ముచ్చటా చెప్పుకుంటూ రాగం తీస్తారు. పెళ్ళిళ్ళు మరిచిపోయినా ఆ ఏడుపులు మాత్రం జనం మరిచిపోరు. మా వాడలో అందరికంటే ముసలి లచ్చమ్మవ్వకు ఆ ఫోటో చూపిస్తే, "నాకెరుక లేదు పో" అంది. నేను లేవబోయాను. పెద్దమ్మ నా చేయి పట్టి ఆపి, "అవ్వా, మా మామ ఇంట్ల మా అత్త రాకముందు సావు ఏదన్న అయ్యెనా? మీ అమ్మ ఏడ్వనీకి పోయెనా? ఏమని ఏడ్చింది?" అని అడిగింది. లచ్చమ్మవ్వ కాసేపు నోరు కదిపింది. ఆ తర్వాత సన్నగా రాగం ఎత్తుకుంది. "ఓ నా చెల్లే... లగ్గం చీర నలగకముందే పోతివా నాగమ్మ చెల్లే..." పాడుతూనే ఆగిపోయి, "అవ్‌గదనే. ఆమె మీ మామకు మొదటి పెండ్లాం" అంది.

అలా మా వంశవృక్షంలో నాగమ్మ చేరింది. అప్పటికి నేను ఒక చార్టు మీద తాతల పేర్లు రాసుకుంటున్నాను. ఒకప్పుడు కులపురాణం చెప్పడానికి వచ్చేవాళ్ళ నోటా మగవాళ్ళ పేర్లే వచ్చేవట. నా చార్టులోనూ అవే ఉన్నాయి. ఆ సాయంత్రం నాగమ్మ పేరు రాసి, స్కాన్ చేసిన ఫోటో అంటిస్తుంటే పెద్దమ్మ పక్కనే కూర్చుని చూసింది. ఆ తర్వాత మెల్లగా అంది.

"నా తల్లి గూడ గిట్లనే ఎవరి ఎనకనో ఉండి ఉంటది బిడ్డా."

పెద్దమ్మ పాకే వయసులో ఉండగానే ఆమె తల్లి పోయింది. పేరు చిట్టెమ్మ. పుట్టిల్లు కృష్ణా నది దగ్గరి ఆత్మకూరు. ఏడాది తిరక్కుండానే తండ్రి మారు మనువు చేసుకున్నాడు. ఆత్మకూరు వాళ్ళకు కోపం వచ్చి రాకపోకలు బందయ్యాయి. సవతి తల్లి చెడ్డదేం కాదు. అన్నం పెట్టింది, పెళ్ళి చేసింది. కానీ ఆ ఇంట్లో చిట్టెమ్మ పేరు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. పిల్ల అడిగితే కొట్టేవారూ కాదు, చెప్పేవారూ కాదు. "కలల వస్తది బిడ్డా" అంది పెద్దమ్మ ఆ రోజు. "చీర కనవడతది, చేతులు కనవడతయి. ముఖమే ఉండది. నాకు ఎరుకైతె గద ఉండేది. నేను సచ్చేలోపట ఒక్కసారి చూస్తె చాలు."

ఇంతకాలం ఆ మాట ఎవరితోనూ అనని మనిషి ఆమె. ఆ రోజు నుంచి నా సెలవు రోజులన్నీ ఆమెవైపోయాయి. సంచిలో చిన్న స్కానరూ, ల్యాప్‌టాపూ పెట్టుకుని చుట్టాల ఇళ్ళు తిరగడం మొదలుపెట్టాం. మమ్మల్ని చూసి మొహాలు మాడ్చుకున్నవాళ్ళు కొందరు. పాత ఫోటోలు అడుగుతున్నామంటే ఆస్తి పంపకాల కోసమేనని ఒక బాబాయి తేల్చేశాడు. నల్లగొండలో ఒకావిడ, స్కానర్ లైటు పడితే ఫోటోలో మనుషులకు కళ్ళు పోతాయేమో అని చేయి అడ్డం పెట్టింది. నాకు ఒళ్ళు మండేది. పెద్దమ్మకు మాత్రం ఓపిక ఎక్కడి నుంచి వచ్చేదో. ప్రతి ఇంట్లోనూ కింద కూర్చుని, ఫోటోలు ఒక్కొక్కటీ ఒళ్ళోకి దించుకుని, కొంగు కప్పుకోవలసిన వాళ్ళ ముందు కప్పుకుని, పలకరించవలసిన వాళ్ళను పలకరించి, "ఈమె పోయినప్పుడు ఎవరు ఏడ్చిండ్రు?" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్నకు మూతులు ముడుచుకున్నవాళ్ళు కూడా మెత్తబడేవాళ్ళు. టీ పెట్టేవాళ్ళు. మా చార్టు నిండుతూ వచ్చింది. చిట్టెమ్మ పేరు పక్కన జాగా మాత్రం ఖాళీగానే ఉంది.

మర్రిగూడ వైపు తండ్రి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. అప్పటికి ఆ ఊరికి కృష్ణ నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి. సవతి తమ్ముడు చెంబు నిండా నీళ్ళు తెచ్చి, "తాగు అక్కా, ఇవి మంచివి" అన్నాడు. ఆమె ఆ చెంబు వైపు చూసి నవ్వింది. ఇక ఆ నీళ్ళు మంచివైనా ఆమె ఎముకలకు చేసేదేముంది? తమ్ముడు మంచివాడు. అక్క అడగగానే తండ్రి ఫోటోను తనే దించి, మేకులు తనే పీకాడు. వెనక ఒక పాత క్యాలెండర్ అట్ట ఉంది. అంతే. పెద్దమ్మ వంకర వేళ్ళను ఆ చెక్క చట్రంలో పెట్టి నాలుగు మూలలా తడిమింది. అట్ట తిప్పి చూసింది. మళ్ళీ తడిమింది. "ఏం లేదు బిడ్డా. మూసెయ్" అంది. తమ్ముడికి మనసొప్పక, ఆత్మకూరులో మేనమామ ఇంట్లో ఒక పెళ్ళి ఫోటో ఉండేదని, అందులో చిట్టెమ్మ కూడా ఉందని తన తల్లి ఎప్పుడో అనగా విన్నానన్నాడు. బస్సులో తిరిగి వస్తూ పెద్దమ్మ నా చేయి వదలలేదు. "ఉన్నదట బిడ్డా" అని దారి పొడుగునా అదే మాట.

ఆత్మకూరు మాకు దగ్గరేం కాదు. బస్సులు మారుతూ, ప్రతి బస్టాండులో ఆమె మోకాళ్ళు నిమురుతూ వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మేనమామ పేరు బాలకిష్టయ్య. పెద్దమ్మ లగ్గానికి ఒక్కసారి వచ్చి, చీర పెట్టి, భోజనం చేయకుండా వెళ్ళిపోయిన మనిషి. అప్పుడు పెళ్ళికూతురిగా తల వంచుకుని కూర్చున్న ఈమె ఆయన్ను ఒక్క మాటా అడగలేకపోయింది. ఇప్పుడు ఆయన బాగా ముసలివాడు. ఆయన కళ్ళల్లో పువ్వులు పూశాయి, చూపు మసక. అరుగు మీద కూర్చుని, లోపలి నుంచి వినిపిస్తున్న కొడుకు మగ్గం చప్పుడుకు తల ఊపుతున్నాడు. మేమెవరమో నేను చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"చిట్టక్క బిడ్డవా? అండాలువా?"

"అవ్ మామా. కూసో. నీ ముఖం చూస్త."

ఆయన నేల మీద కూలబడ్డాడు. ఇద్దరూ కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత పెద్దమ్మ ఫోటో మాట ఎత్తింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎందుకు లేదు బిడ్డా, ఉన్నది. మా అన్న లగ్గంల తీసినది. గా ఫోటోల అక్క ఉన్నదని పాణం లెక్క సూసుకున్న" అంటూ కొడుకును కేకేశాడు. కొడుకు లోపలి గది నుంచి ఫోటో తెచ్చి పెద్దమ్మ ఒళ్ళో పెట్టి, మళ్ళీ మగ్గం దగ్గరికి వెళ్ళాడు.

పెద్ద గ్రూపు ఫోటో అది. ముందు జంపఖానా మీద పిల్లలు, కుర్చీల్లో మగవాళ్ళు, వెనక నిలబడ్డ ఆడవాళ్ళు. ఫ్రేముకు అద్దం లేదు. ఎప్పుడో పగిలిపోయిందట. అయినా అందరూ స్పష్టంగా ఉన్నారు. పెళ్ళికొడుకు కోటు గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. కుడి చివర ఒకామె నిలబడి ఉంది. పెద్ద అంచు చీర, చేతి నిండా గాజులు. ముందు నిలబడ్డ ఒక అబ్బాయి భుజం మీద చేయి వేసి ఉంది. మెడ పైన ముఖం ఉండవలసిన చోట పసుపూ కుంకుమా పొరలు పొరలుగా ఎండి, గట్టి పెచ్చు కట్టి ఉంది.

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. మా వైపు పెత్రమాస నాడు పోయిన పెద్దలకు పెట్టుకుంటాం. వండిన వంటంతా ఫోటోల ముందు పెట్టి, ఫోటోలోని మనిషి నుదుట బొట్టు పెడతాం. మామూలుగా అది అద్దం మీద పడుతుంది, తర్వాత తుడిచేస్తాం. ఇక్కడ అద్దం లేదు. ఈ పెద్దాయన ప్రతి పెత్రమాసకూ అక్కకు తడి పసుపూ కుంకుమా కాగితం మీదే పెట్టాడు. తుడిస్తే అక్కకు నొప్పి అన్నట్టు, తుడవకుండా ఏటికేడు దాని మీదే పెట్టాడు. నేను సంచిలోంచి దూది తీసి, ఒక అంచున మెల్లగా తడిపి చూశాను. పెచ్చు లేచింది. కింద కాగితం తెల్లగా ఉంది. ముఖం బొట్టుతో పాటే ఎప్పుడో ఊడిపోయింది. ఆ ఫోటోలో ఎవరూ పట్టించుకోని వాళ్ళంతా చెక్కుచెదరకుండా ఉన్నారు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా తలుచుకున్న మనిషే లేదు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎంత పని చేశావయ్యా అని ఆ ముసలాయన్ను కడిగేద్దామనుకున్నాను.

నా మౌనం చూసి ఆయనకు ఏదో అనుమానం తగిలింది. "ఏమైంది బిడ్డా? నేనేమన్న ఖరాబు చేసిన్నా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అందుకుంది. "ఖరాబెందుకైతది మామా? నాకు ఒక తల్లి ఉండెనని యాది పెట్టుకున్నోనివి నువ్వొక్కనివే." ఫోటో మీదికి వంగిన తల వంగినట్టే ఉంది. అలాగే అడిగింది. "ఎట్లుంటుండె మామా, మా అమ్మ?"

ఆయన గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. అక్క తనను చంకనేసుకుని తిప్పేదట. మగ్గం గుంటలో కాళ్ళాడిస్తూ కూర్చుంటే బెల్లం ముక్క నోట్లో పెట్టేదట. అత్తగారింటికి పోయేటప్పుడు తను బండి వెంట ఉరికితే, దిగి వచ్చి ముక్కు తుడిచి మళ్ళీ ఎక్కిందట. పెద్దమ్మ ఒక్కో మాటనూ ఒడిసి పట్టుకున్నట్టు విన్నది. ఆ తర్వాత, "ముఖమో మామా?" అంది. "కండ్లు పెద్దయా? ముక్కు నాలెక్క ఉండెనా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. లోపల మగ్గం ఆగింది. చాలాసేపటికి కళ్ళు తెరిచి, చిన్నపిల్లాడిలా పెద్దమ్మ వైపు చూశాడు.

"బొట్టే కనవడుతాంది బిడ్డా. అక్క కనవడ్తలేదు."

అని భోరున ఏడ్చాడు. పెద్దమ్మ ఫోటోను పక్కన పెట్టి, ముందుకు జరిగింది. ఫోటోలో తల్లి చేయి ఉన్నది ఆయన భుజం మీదేనని నాకు అప్పుడు తట్టింది. "గీ భుజమేనా మామా?" అని అడిగి, ఆ భుజాన్ని పట్టుకుని కూర్చుంది. వాళ్ళిద్దరినీ అలా వదిలేసి నేను వాకిట్లోకి వచ్చి ఏడ్చాను. ఏడవడానికి సిగ్గేముంది?

మేం తిరిగొచ్చాక నర్సింహ తల్లి దిగులు చూడలేకపోయాడు. వాడు చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో పని చేస్తాడు, మాటలు తక్కువ, తల్లంటే ప్రాణం. నా దగ్గర స్కాన్ కాపీ తీసుకుని, హైదరాబాదులో ఎవరి చేతనో కంప్యూటరులో ముఖం చేయించి, పెద్ద ఫ్రేము కట్టించి తెచ్చాడు. చక్కని ముఖం. కోలగా, తెల్లగా, సినిమాలో అమ్మవారిలా ఉంది. పెద్దమ్మ ఒళ్ళో పెట్టి, "సూడమ్మా" అన్నాడు. ఆమె చూసింది. ఆశగా చూసింది. ఆ ఆశను నేను చూశాను.

"ఎవరి బిడ్డ ఈమె?" అంది.

"నీ తల్లినే అమ్మా. నీ ఆధార్ కార్డుల ముఖం, గా ఫోటోల మీ మామ ముఖం కలిపి చేసిండ్రు."

పెద్దమ్మ ఫోటోను మెల్లగా బోర్లించింది. "ఎవరి బిడ్డనో తెచ్చి నా తల్లి అంటె ఎట్ల కొడుకా? నేను ఈమెకు అలవాటు పడిపోత. అసలామె కలల వస్తె గుర్తువట్టను." నర్సింహ ముఖం చిన్నబోయింది. ఆమె వాణ్ణి కింద కూర్చోబెట్టుకుని తల నిమిరింది. "పాయిరంగ చేసినవు, నా మీది ప్రేమ నాకెరుకే. పైలంగ దాచి పెట్టు. గోడకు మాత్రం వద్దు."

మరి చార్టులో చిట్టెమ్మ జాగాలో ఏం పెట్టాలని నేను అడిగాను. "చెయ్యి ఉన్నది గద. చెయ్యి పెట్టు" అంది. తమ్ముడి భుజం మీదున్న ఆ చేతిని పెద్దది చేసి ప్రింటు తీశాను. గాజులు, సన్నని వేళ్ళు, చూపుడు వేలికి ఒక చిన్న ఉంగరం. అందరి జాగాల్లో ముఖాలున్న మా వంశవృక్షంలో ఆ ఒక్క జాగాలో చేయి ఉంది. ఇంకో ప్రింటు పెద్దమ్మ దగ్గరే ఉంచుకుంది. పరుపు కింద పెట్టుకుని, తీసి చూసుకునేది. ఒకసారి నేను వెళ్ళేసరికి ఆ ప్రింటు పక్కన తన చేయి పెట్టి చూసుకుంటోంది. ఆమె వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, తలో దిక్కు తిరిగి ఉన్నాయి.

"నా వేళ్లు వంకర పోకముందు గిట్లనే ఉండెనా బిడ్డా?"

నాకేం తెలుసు? నేను చూసేసరికే అవి వంకరపోయాయి. "గిట్లనే ఉండె పెద్దమ్మా" అన్నాను. ఆమె నమ్మిందో లేదో గానీ, ఆ ప్రింటును మళ్ళీ పరుపు కింద దాచుకుంది.

రెండు మూడేళ్ళ తర్వాత ఆమె మంచం పట్టింది. నల్లగొండ దవాఖానాకు తిప్పాం గానీ లాభం లేకపోయింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించి, తన ఫోటో తీయమంది. అంతకు ముందు ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకునేది కాదు. గోడకు ఆనించి కూర్చోబెట్టి, నేను నేల మీద పడుకుని, కింది నుంచి తీశాను. మనవరాళ్ళు నన్ను చూసి నవ్వితే ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వే ఫోటోలో పడింది. ఫోన్ చూపిస్తే చూసుకుని, "నేను గిట్ల ఉంటనా" అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"ఫ్రేమ్ కట్టియ్. అద్దం మాత్రం పెట్టకు."

"అద్దం లేకుంటే బొట్టు కాగితం మీదనే పడతది పెద్దమ్మా. మీ అమ్మ లెక్కనే నీ ముఖం పోతది" అన్నాను. కోపంగానే అన్నాను. అన్ని ఊళ్ళు తిరిగి, అన్ని ముఖాలు దాచి, చివరికి ఇదేనా అనిపించింది.

"పోనియ్ బిడ్డా. నీ కంప్యూటర్ల ఒకటి దాచుకో, నీ పాణం ఊకుండది గని. అద్దం మీద పెట్టిన బొట్టు తుడిస్తె పోతది. మామ పెట్టినట్టు పెట్టాలె. ఏలు తాకాలె." కాసేపు ఊపిరి తీసుకుంది. "మా అమ్మ ముఖం నేను సూడలేదు. గని ఆమె కోసం గన్నేండ్లు ఒకలు కుంకుమల ఏలు ముంచిండ్రని సూసిన. గదే దక్కింది నాకు."

ఆమె మాట నాకు అప్పుడు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పలేను. నా పనే ముఖాలు పోకుండా చూడటం. ఆమె నేర్పిన పద్ధతిలోనే చేస్తాను. ఎవరు ఫోటో తెచ్చినా ముందు కూర్చోబెట్టి, ఆ మనిషి పోయినప్పుడు ఎవరు ఏడ్చారో అడుగుతాను. ఇప్పుడు ఫోన్లలోనే క్షణంలో ముఖాలు పుట్టించే యాప్‌లు వచ్చాయి. చెరిగిన చోట కొత్త ముఖం పెట్టమంటే నేను పెట్టను. వేరే దుకాణానికి పొమ్మంటాను. నాకు పొగరని అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు తీసి ఇస్తాను, చేయి మిగిలితే చేయి, కొంగు మిగిలితే కొంగు. పెద్దమ్మ నవ్వు నా కంప్యూటర్‌లో ఉంది, నర్సింహ ఫోన్‌లో ఉంది, ఇంకో రెండు చోట్ల దాచి పెట్టాను. అక్కడ ఆమెకు ఏమీ కాదు. ఎందుకో దాన్ని తెరిచి చూడబుద్ధి కాదు.

గోడ మీది ఫోటోకు అద్దం లేదు. పెత్రమాస నాడు నర్సింహ భార్య వంటంతా ముందు పెడుతుంది, బొట్టు మాత్రం నన్నే పెట్టమంటారు. మొదటి ఏడాది వేలును కాగితానికి తగిలీ తగలనట్టు ఆనించాను. కుంకుమ కాగితానికి ఏం చేస్తుందో నాకు తెలిసినంత ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈసారి వేలు తడిపి దగ్గరికి వెళ్ళి చూశాను. పెద్దమ్మ కనుబొమ్మల మధ్య కాగితం తెల్లబడటం మొదలైంది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, మళ్ళీ అక్కడే పెట్టాను.